ముందు కాంటా కొను తమ్మీ

తమ్మీ,

హనుమకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండుల నీ దగ్గర ప్రాక్టీసుకు వచ్చే పిల్లల కోసం కొవ్వు శాతం చూపే మిషన్ కొనాల్నా అని అడిగినవ్. ముందుగాల్ల 50 గ్రాముల తేడా పట్టే డిజిటల్ కాంటా కొను, చెమటల ఎన్ని నీళ్లు పోయినయో దానితోని తెలుస్తది. దాన్ని గచ్చు మీదనే పెట్టు. మట్టి మీద, చాప మీద పెడితే తప్పు చూపుతది.

ప్రాక్టీసుకు ముందు ఒంటికి పోయి రమ్మని, తక్కువ బట్టల మీద జోకు. అయినంక ఒళ్లు తుడిపించి, తడిసిన బనీను, బూట్లు విప్పించి మళ్ల జోకు. బనీనుల ఇంకిన చెమట కూడా కాంటా మీదికెక్కితే పోయిన నీళ్లు తక్కువ కనపడతయి. ఎవరి బాటిల్ వాళ్లకే ఉండాలె, లేకుంటే ఎవరెంత తాగిన్రో లెక్క దొరకదు.

58 కిలోల పిల్లగాడు గంటన్నర ఉరికి 56.9కి దిగిండు, నడుమ 600 మిల్లీలీటర్లు తాగిండు అనుకో. పోయిన చెమట 1.7 లీటర్లు, అంటే గంటకు 1.1 లీటర్ల పైనే. బరువు దాదాపు 2 శాతం తగ్గింది. అది దాటితే ఉరుకుడు మందగిస్తది, కాబట్టి వానికి నడుమ తాగేది పెంచు. తగ్గిన ఒక్కో కిలోకు లీటరుంబావు నుంచి లీటరున్నర దాక, ఉప్పున్న తిండితోని, కొన్ని గంటల్ల మెల్లగ తాగాలె. బరువు పెరిగి వస్తే మాత్రం నీళ్లు మితిమీరినయన్నట్టు. రక్తంల సోడియం పడిపోతే ప్రాణం మీదికి వస్తది. డిసెంబరుల కొలిచిన అంకె మే ఎండకు పనికిరాదు, మళ్ల కొలువు.

పొద్దుగాల మొదటి మూత్రం పల్చటి నిమ్మరసం రంగుంటే మంచిది. బీకాంప్లెక్స్ గోలీ వేసుకున్నోళ్ల రంగు నమ్మకు. మూత్రం చిక్కదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంటే డిస్టిల్డ్ వాటర్‌తో 1.000కి సరిచేసి చూడు, 1.020 దాటితే నీళ్లు తక్కువైనట్టు.

ఇగ మిషన్ సంగతి. అది ఒంట్లకు సన్నటి కరెంటు పంపుతది. నీళ్లల్ల కరెంటు బాగా పారుతది, కొవ్వుల అంతగ పారదు. అందుకే ఒంట్ల నీళ్లు తగ్గిన పిల్లకు లేని కొవ్వు చూపుతది. ప్రాక్టీసైనంక దాని మీద ఎవ్వర్నీ నిలబెట్టకు. పరగడుపున, ఒంటికి పోయొచ్చినంకనే.

నా ఓటు తోలు మడత మందం కొలిచే స్కిన్‌ఫోల్డ్ కాలిపర్‌కే. కుడిపక్కనే, పెన్నుతో గుర్తు పెట్టి, కండను వదిలి తోలు, కొవ్వు మాత్రం బొటనవేలు, చూపుడువేలుతో పట్టు. వేళ్లకు సెంటీమీటరు దూరంల కాలిపర్ పెట్టి, దాని పిడి పూర్తిగ వదిలి, రెండు సెకన్లకు చదువు. ఒంటి మీద కొలిచే అన్ని చోట్లా ఒక సుట్టు అయినంకనే రెండో సుట్టు. తేడా 5 శాతం దాటితే మూడోసారి కొలిచి నడిమి అంకె రాస్కో. ప్రతిసారి కొలిచే చెయ్యి ఒక్కటే ఉండాలె. మిల్లీమీటర్ల మొత్తాన్నే నెలనెలా పోల్చు, శాతంలకు మార్చకు. తోలు మడతల నుంచి కొవ్వు శాతం లెక్కగట్టే 1974 నాటి డర్నిన్, వామర్స్‌లీ సూత్రం గ్లాస్గో మనుషులను కొలిచి కట్టింది, మన పోరగాళ్లను కాదు.

ఆడపిల్లలను ఆడమనిషే, చాటుకు కొలవాలె. అంకె పైకి చదవొద్దు. నలుగుట్ల చదివితే ఆ రాత్రి బువ్వ ముట్టని పిల్లలుంటరు.