చెప్పకుండా ఎత్తుకుంటే కరవడా మరి?

ప్రశ్న: మాది తిరుపతి పక్కన చంద్రగిరి. బాబుకి నాలుగేళ్లు. వాడు కడుపులో ఉన్నప్పుడు నాకు రుబెల్లా సోకిందట, పుట్టుకతోనే కళ్లలో శుక్లాలు, చెవుడు. ఆపరేషన్ చేయించినా వెలుతురు తప్ప ఏమీ తెలియదు. చెవిమిషన్ పెడితే పీకేస్తాడు, ఎత్తుకోబోతే కరుస్తాడు. మా అత్త గంటగంటకూ నోట్లో ఏదో ఒకటి పెడుతూనే ఉంటుంది. పుట్టువెంట్రుకల మొక్కు తీరిస్తే మాటొస్తుందంటుంది. కొండ మీద ఏం గొడవ చేస్తాడోనని నాకు టెన్షన్. మావారేమో చూపూ వినికిడీ లేకుండానే రచయిత్రి అయిన హెలెన్ కెల్లర్ వీడియోలు చూపిస్తారు. వీడితో మాట్లాడటం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమేనమ్మా. ముందు ఆ కరవడం సంగతి చూద్దాం. అడుగుల చప్పుడు వినపడదు, మనిషి కనపడదు. ఉన్నట్టుండి రెండు చేతులొచ్చి గాల్లోకి లేపుతాయి. అది స్నానానికో, సూదికో వాడికేం తెలుసు? కాబట్టి వాడికి మాట నేర్పేకంటే ముందు, జరగబోయేది వాడికి చెప్పడం మీరు మొదలుపెట్టాలి.

ఎవరు దగ్గరికెళ్లినా భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచండి. తర్వాత ఎవరో తెలిసేలా ఒక గుర్తు తాకించండి. మీకు గాజులు, అత్తగారికి కళ్లజోడు, మీవారికి వాచీ. ఈ గుర్తులు మార్చకండి. ఎత్తుకునే ముందు చంకల కింద రెండుసార్లు తట్టి ఆగండి. వాడు ఒళ్లు కాస్త కదిలించాకే ఎత్తుకోండి. పనులకూ ఇలాగే: స్నానానికి ముందు చెంబు, అన్నానికి ముందు స్పూను, బయటికెళ్లే ముందు చెప్పు చేతికివ్వండి. ఇచ్చిన వెంటనే ఆ పని జరగాలి. స్పూను ఇచ్చి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తితే దానికి అర్థం పోతుంది. నెలలు పట్టొచ్చుగానీ ఒకరోజు వాడే స్పూను మీ చేతిలో పెడతాడు. దాన్ని మాటగానే లెక్కేసి, ఆ క్షణమే అన్నం పెట్టండి.

వాడి చెయ్యి పట్టి లాగి దేనిమీదా పెట్టకండి, వాడు లోకాన్ని చూసేది దాంతోనే. మీ చెయ్యి కింద, వాడి చెయ్యి పైన ఉండాలి. సంగటి ముద్ద తుంచేటప్పుడు ఇలా చేసి చూడండి, నచ్చకపోతే వాడే తీసేసుకుంటాడు.

అడక్కముందే అన్నీ అందించే ప్రేమ ఉంది చూశారూ, దాంతోనే నాకు పేచీ. అన్నీ వచ్చి నోట్లో పడుతుంటే ఇక అడగడమెందుకు? ఉయ్యాల ఊపి మధ్యలో ఆపండి. మనసులో పదిదాకా లెక్కపెట్టండి. కాలు కదిపినా, మీ చెయ్యి తట్టినా మళ్లీ ఊపండి. ఈ పని అత్తగారికే అప్పగించండి, బాగా చేస్తారు.

మీవారికి ఒక్క మాట. హెలెన్ కెల్లర్‌కి జబ్బు చేసి చూపూ వినికిడీ పోయింది 19 నెలల వయసులో, అప్పటికి ఆమె మాటలు విని ఉంది. పుట్టుకతోనే ఇలా ఉన్న పిల్లవాణ్ణి ఆమెతో పోల్చి తొందరపడొద్దు.

మొక్కు విషయంలో అత్తగారితో వాదన పెట్టుకోకండి. కొన్ని వారాల ముందునుంచే వాణ్ణి నాన్న ఒళ్లో కూర్చోబెట్టి, తల తడిపి, దువ్వెన వెనకవైపుతో నెమ్మదిగా నిమరండి. కల్యాణకట్టలోనూ అదే ఒడి, అదే వరుస. ముందు నాన్న గుండు చేయించుకుని, ఆ నున్నటి తలను వాడి చేతులకు అందించాలి. మరీ బెదిరిపోతే తిరిగొచ్చేయండి, ఇంకోసారి వెళ్లొచ్చు.

చెవిమిషన్ పీకేస్తున్నాడంటే చెవిలో అమర్చే దాని అచ్చు బిగుతుగా ఉండి నొప్పెడుతోందేమో. పిల్లల చెవులు పెరుగుతాయి, అచ్చు మారుస్తుండాలి. ఆడియాలజిస్టుకు చూపించండి.

చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది, అక్కడ బాబును ఒకసారి పరీక్ష చేయించండి. వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో చూపు, వినికిడి రెండూ నమోదయ్యాయో లేదో చూసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ రెండూ కలిసి ఉండటాన్ని బహుళ వైకల్యాల కింద గుర్తించింది. ఒక్కటే రాసి ఉంటే సరిచేయించుకోండి.