జెస్సీ జేమ్స్ సినిమా అప్పుడెందుకు ఆడలేదు, ఇప్పుడెందుకు మెచ్చుకుంటున్నారు?

బ్రాడ్ పిట్ నటించిన ‘ది అసాసినేషన్ ఆఫ్ జెస్సీ జేమ్స్ బై ది కౌవర్డ్ రాబర్ట్ ఫోర్డ్’ (2007) గురించేగా? జెస్సీ జేమ్స్ అనే అమెరికా బందిపోటు కథ అనగానే జనం కాల్పులు, గుర్రాల ఛేజింగులు ఆశించారు. దొరికింది మొదట్లో ఒక్క రైలు దోపిడీ; ఆ తర్వాతంతా అనుమానం, భయం, మౌనం. నిడివి 160 నిమిషాలు. పైగా జెస్సీని ఫోర్డ్ చంపుతాడని పేరులోనే చెప్పేశారు! 3 కోట్ల డాలర్ల ఖర్చులో దాదాపు సగమే వసూలైంది.

మెచ్చినవాళ్లు ముందుగా చెప్పేది రోజర్ డీకిన్స్ కెమెరా గురించి: చీకటి అడవిలో రైలు దీపం ఒక్కటే చెట్ల మీదుగా పాకుతుంది, కొన్ని షాట్లలో ఫ్రేము అంచులు మసకబారతాయి. ఫోన్‌లో చూస్తే ఇదంతా పోతుంది. జెస్సీ చనిపోగానే ఆపేయకండి. ఫోర్డ్ ఆ హత్యనే స్టేజీ మీద నటిస్తూ బతికే భాగం, నా లెక్కలో, సినిమాకే ప్రాణం.