మొహావీ బండ్ల బాటలో మూడు రోజులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

కిందటి నెల కాలిఫోర్నియా ఎడారిలోని మొహావీ రోడ్ గురించి రాశాక మెయిళ్లు బాగానే వచ్చాయి. ఆ సంచిక చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. నీడిల్స్ ఊరికి ఎగువన కొలరాడో నది ఒడ్డున మొదలై, మొహావీ నేషనల్ ప్రిజర్వ్ అనే రక్షిత ప్రాంతం మధ్యగా పడమటికి సాగి, ఏఫ్టన్ కాన్యన్ దాటి బార్‌స్టో వైపు తేలే సుమారు 220 కిలోమీటర్ల మట్టిదారి అది. తారు లేదు, పెట్రోలు బంకు లేదు, ఫోన్ సిగ్నల్ దాదాపు లేనట్టే. నాలుగైదు బండ్లు కలిసి బయల్దేరి, రెండు రాత్రులు డేరాల్లో పడుకుని, మూడో రోజు సాయంత్రానికి అవతల తేలతారు. ఒకే ప్రశ్న చాలామంది అడిగారు కాబట్టి కొన్ని కలిపేశాను.

ప్ర: నాలుగు కుటుంబాలం, పిల్లలతో కలిపి 13 మందిమి, నవంబరులో వెళ్దామనుకుంటున్నాం. రెండు ఫోర్‌రన్నర్లు, ఒక జీప్ రాంగ్లర్ (మూడూ మట్టిదారికి పనికొచ్చే బండ్లే), ఒక రావ్‌ఫోర్ ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఊరి కారు). రావ్‌ఫోర్ అతను "యూట్యూబ్‌లో ఎవరో మామూలు కారులో వెళ్లిపోయారు" అంటున్నాడు. వద్దంటే బాధపడతాడేమో. ఏం చెప్పమంటారు? (ఒక పాఠకుడు, ఫ్రీమాంట్)

జ: వెళ్లే ఉంటారు. వీడియోలో ఇరుక్కున్న రెండు గంటలు కత్తిరించేసి మిగతాది పెడతారు, అంతే. ఆల్ వీల్ డ్రైవ్ అనేది వానరోడ్డుకీ మంచుకీ బాగా పనికొస్తుంది. ఇక్కడ కావాల్సింది నేలకూ బండి కడుపుకూ మధ్య ఎత్తు, ఇసుకలో నెమ్మదిగా లాగగలిగే లో గేర్. వాట్సన్ వాష్ అని ఒకచోట దారి ఉన్నట్టుండి వాగులోకి దిగుతుంది. వరద వచ్చిన ప్రతిసారీ ఆ దిగుడు మారిపోతుంది, నిరుడు దిగిన వాలు ఈసారి ఉంటుందన్న గ్యారంటీ లేదు. పైగా ఇలాంటి కార్లలో చాలావాటికి వెనక ఉండేది అసలు టైరు కాదు, సన్నటి తాత్కాలిక స్పేర్. రాళ్లలో అది పది నిమిషాలు కూడా నిలవదు.

మీరు వద్దంటున్నది బండిని, మనిషిని కాదు కదా. ఫ్రీమాంట్ నుంచి నీడిల్స్‌కు ఎలాగూ బార్‌స్టో మీదుగానే వెళ్తారు. ఆ కారు బార్‌స్టోలో ఏ హోటల్లోనో అడిగి, డబ్బు కట్టి వదిలేయండి, తిరుగు ప్రయాణంలో తీసుకోవచ్చు. ఆ కుటుంబాన్ని మిగతా మూడు బండ్లలో సర్దండి. అతనికి రేడియో, మ్యాపు అప్పగిస్తే రెండో రోజుకల్లా దండుకు నాయకుడు అతనే అయిపోతాడు, చూడండి. ఒక్కటే జాగ్రత్త, వాళ్ల సామాను కూడా చేరిందని బరువంతా టాపు మీదకు ఎక్కించకండి, పక్కవాలులో బండి ఊగుతుంది. నీళ్ల డబ్బాల్లాంటి బరువులు కిందే ఉండాలి.

దారిలో పాటించాల్సిన పద్ధతి ఒకటుంది. ముందు బండి వెళ్లిపోవడం కాదు, ప్రతి మలుపు దగ్గరా వెనక బండి కనిపించేదాకా ఆగాలి. మీ వెనకవాళ్లు మీ బాధ్యత. అనుభవం ఉన్నవాళ్లను చివర పెట్టండి, ఎందుకంటే ఇరుక్కునేది సాధారణంగా మధ్యవాళ్లు, లాగాల్సింది వెనకవాళ్లు. బండినుంచి బండికి మాట్లాడుకునే జీఎంఆర్‌ఎస్ రేడియో (వాకీటాకీ లాంటిది) బండికొకటి ఉంటే సగం టెన్షన్ పోతుంది. లైసెన్సు 35 డాలర్లు, పరీక్షేమీ లేదు, పదేళ్లు ఇంటిల్లిపాదికీ చెల్లుతుంది. బండ్ల సంఖ్య పెరిగితే ప్రత్యేక అనుమతి అడుగుతారు, డేరాల నియమాలు కూడా మారుతుంటాయి, కాబట్టి వెళ్లే ముందు ప్రిజర్వ్ ఆఫీసుకు ఒక ఫోన్ కొట్టండి.

ప్ర: మావారూ వాళ్ల ఫ్రెండ్సూ టైర్లు, వించ్‌లు (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటార్లు), లైట్లు తప్ప ఇంకేం మాట్లాడుకోవట్లేదు. నాకున్నవి మామూలు సందేహాలు. ఆరేళ్ల పాప, 64 ఏళ్ల అత్తయ్యగారు వస్తున్నారు. బాత్రూమ్ సంగతేంటి? తిండి, నీళ్లు ఎంత పట్టుకెళ్లాలి? (ఒక పాఠకురాలు, అర్వైన్)

జ: మీరడిగినవే అసలు ప్రశ్నలండీ. వించ్ అవసరం ఒక్కసారి వస్తుందో రాదో, బాత్రూమ్ అవసరం రోజూ వస్తుంది.

నిలబెట్టే చిన్న డేరా ఒకటి అమ్ముతారు, మనిషి ఎత్తుంటుంది, విసిరితే తెరుచుకుంటుంది. దాంట్లో మడతపెట్టే కమోడ్ కుర్చీ, లోపల పొడి వేసిన సంచులు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులుంటే ఇది లేకుండా బయల్దేరకండి. వాడిన సంచులు మూతి కట్టి, గట్టి మూత ఉన్న బకెట్‌లో వెనక్కి తెచ్చేయాలి. సంచి లేకపోతే నీటి బుగ్గలకూ వాగులకూ ఓ 60 మీటర్లు దూరంగా జానెడు లోతు గుంట తవ్వి పూడ్చాలి, కాగితం మాత్రం పూడ్చకూడదు, అది కూడా వెంట తేవాల్సిందే. మనవాళ్లకు నీళ్లు లేనిదే కుదరదు, ఆ సంగతి ఎవరూ పైకి అనరు, లెక్కలోనూ వేసుకోరు. మా ఇంట్లో చేసేది చెప్తాను: నొక్కితే ధార వచ్చే ప్లాస్టిక్ సీసా మనిషికొకటి, పేరు రాసి. మగ్గుతో పోసుకుంటే లీటరు పోయే చోట దీంతో పావు లీటరు సరిపోతుంది.

నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, తాగడానికీ వంటకూ. మూడు రోజుల ప్రయాణానికి నాలుగు రోజుల లెక్కన పట్టుకెళ్లండి. పై ప్రశ్నలోని 13 మందికైతే 208 లీటర్లు అవుతుంది, వింటే భయమేస్తుంది గానీ మూడు బండ్లకు పంచితే మోయగలరు. గిన్నెలు తోమడం అనే కార్యక్రమం ఉండదు, కాగితంతో తుడిచేయడమే. అందుకే మొదటి రాత్రికి ఇంటినుంచి పులిహోర, చపాతీలు. రెండో రోజు ఉప్మా, మ్యాగీ, ఆవకాయ అన్నం. ఎడారిలో బిర్యానీ వండుదామని ఎవరో ఒకరు అంటారు, ప్రతి గుంపులోనూ ఉంటారు. ఒప్పుకోకండి. మేం ఒప్పుకున్నాం. రాత్రి పదకొండింటికి గాలికి స్టవ్ ఆరిపోతుంటే చుట్టూ దుప్పట్లు పట్టుకుని నిలబడ్డాం, పిల్లలు చిప్స్ తిని పడుకున్నారు.

చలి సంగతి మర్చిపోవద్దు. ఎడారి అనగానే కాటన్ బట్టలు సర్దుతారు. ఈ దారికి అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలమే గానీ, శీతాకాలం రాత్రుళ్లు సున్నాకు దిగువకు పోతుంది. నేల చలి వీపులోంచి ఎక్కుతుంది కాబట్టి పైన కప్పుకునే దుప్పటికన్నా కింద పరిచే దళసరి ప్యాడ్ ముఖ్యం. పొద్దున్నే పాపకు బూట్లు తొడిగేముందు దులపండి, తేళ్లుంటాయి. చోయా అనే ముళ్ల మొక్క దూరం నుంచి బొచ్చుబొమ్మలా ముద్దొస్తుంది, పాప ముట్టుకోకుండా చూసుకోండి. ఒక దువ్వెన దగ్గర పెట్టుకుంటే గుచ్చుకున్న ముక్కను దాంతో ఎగరగొట్టొచ్చు, చేత్తో లాగితే ఆ చేతికి గుచ్చుకుంటుంది.

ప్ర: మా అబ్బాయి స్నేహితులతో ఈ ప్రయాణానికి వెళ్తున్నాడు. మూడు రోజులు ఫోన్ కలవదంటున్నాడు. వాళ్లమ్మ అప్పుడే అన్నం మానేసేలా ఉంది. (ఒక పాఠకుడు, విజయవాడ)

జ: అబ్బాయి నిజమే చెప్పాడండీ, అక్కడ ఫోన్లు పలకవు. అయితే ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరం దొరుకుతుంది, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటిది, గుంపుకొకటి ఉంటే చాలు. రోజూ రాత్రి డేరా వేశాక "బాగున్నాం" అని ఒక ముక్క పంపమనండి. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో కూడా ఆకాశం తెరిపిగా కనిపిస్తే ఉపగ్రహం మీద ఎమర్జెన్సీ కబురు వెళ్తుంది.

దానికన్నా ముందు ఒక కాగితం తెప్పించుకోండి: బండ్ల నంబర్లు, ఏ రాత్రి ఎక్కడ డేరా, ఫలానా రోజు ఫలానా టైముకు బయటపడతాం, ఆ టైము దాటి ఇన్ని గంటలైతే ఫలానా నంబరుకు చెప్పండి అని. అది మీ దగ్గరకన్నా అమెరికాలోనే ఉన్న ఒక స్నేహితుడి దగ్గర ఉండటం మేలు. గడువు సాయంత్రం ఆరు అనుకుంటే ఆరుంబావుకు కంగారుపడకండి, ఒక్క పంక్చర్‌కే గంట పోతుంది. అమ్మగారికి చెప్పండి, కబురు రాకపోవడం అక్కడ మామూలు సంగతి అని. ఆవిడ వినరనుకోండి.

ప్ర: డిసెంబరులో అమెరికా వస్తున్నాను. జైసల్మేర్ ఇసుకలో మహీంద్రా థార్ నడిపిన అనుభవం ఉంది. అక్కడ ఎయిర్‌పోర్టులో ఎస్‌యూవీ అద్దెకు తీసుకుని మా బావమరిది వాళ్ల గుంపుతో కలవొచ్చా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జ: మీ అనుభవాన్ని తక్కువ చేయను. కానీ మామూలు అద్దె కంపెనీల ఒప్పందం చదవండి, తారు లేని దారిలో నడపకూడదని దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది. నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదు. మారుమూలనుంచి బండిని లాగించడానికి వేల డాలర్లవుతాయి, అవి మీ జేబులోంచే. ఎడారి దారుల కోసమే జీపులు అద్దెకిచ్చేవాళ్లు వేరే ఉంటారు, ఏ దారికి ఒప్పుకుంటారో రాయించుకుని తీసుకోండి. లేదంటే బావమరిది పక్క సీట్లో కూర్చోండి, గేటు తీసే పని బావగారిదే.

ఒక తేడా కూడా చెప్పాలి. జైసల్మేర్ దిబ్బల మీద ఎటు పడితే అటు ఎక్కించి ఉంటారు. ఇక్కడ బాట దాటి చక్రం పక్కకు పెట్టడం నేరం. ఆ నేలమీద పడిన టైరు గుర్తు ఏళ్ల తరబడి చెరగదు. ఆగి ఉన్న బండిని కదిలించేముందు కింద ఒకసారి వంగి చూడాలి, నీడకోసం ఎడారి తాబేలు దూరి ఉండొచ్చు. 1990 నుంచి అది రక్షిత జాతుల్లో ఉంది.

ప్ర: సోడా లేక్ అనే ఎండిన చెరువు మీంచి దారి వెళ్తుందని రాశారు. వాన పడ్డ వారానికి వెళ్తే పర్లేదా? పైన ఎండిపోయినట్టే కనిపిస్తుందంటారు కదా. (ఒక పాఠకుడు, శాన్ డియేగో)

జ: ఆ "ఎండిపోయినట్టే కనిపిస్తుంది" అన్నచోటే నేను మునిగాను, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

ఫిబ్రవరి. వాన పడి తొమ్మిది రోజులైంది. నాలుగు బండ్లం. కనుచూపు మేర తెల్లగా ఉప్పు, గట్టు మీద గచ్చు చేసినట్టు నున్నగా. ముందు రెండు బండ్లు పాత చక్రాల జాడలోనే వెళ్లిపోయాయి. ఆ జాడ కాస్త బురదగా, వికారంగా ఉందని నేను తెలివికిపోయి ఓ మీటరు పక్కకు, చక్కగా ఉన్న తెల్లనేల మీదకు తిప్పాను. తిప్పకూడదని పైన మీకు చెప్పింది నేనే. కాగిన పాల మీద మీగడ ఉంటుంది చూడండి, పైపొర అంతే. అది తెగింది. కింద బూడిదరంగు జిగురు, టైరు గాట్లలోకి ముద్దలుగా పట్టేసి చక్రం నున్నటి బంతిలా అయిపోయింది. యాక్సిలరేటర్ నొక్కాను, అది రెండో తప్పు. ఇరుసు దాకా దిగింది.

అసలు చిక్కేమిటంటే ముందు బండ్లు చూసుకోలేదు. నా రేడియో చార్జింగ్ అయిపోయింది. వాళ్లు ఇరవై నిమిషాల తర్వాత ఆగి వెనక్కి చూశారు. వెనక వస్తున్న ఒక్క బండీ గట్టి జాడలోనే నిలబడిపోయింది, అదృష్టం. పారతో తవ్వి, టైర్ల కింద ప్లాస్టిక్ పలకలు దూర్చి, సాగే తాడుతో లాగడానికి మూడు గంటలు పట్టింది. తాడును బండి వెనక ట్రెయిలర్ తగిలించే ఇనుప బంతికి కట్టబోతుంటే మా గుంపులో పెద్దాయన ఒకరు కేకేశారు. ఆ బంతి లాగుడుకు తట్టుకోదు, తెగితే తుపాకి గుండులా వస్తుంది, మనుషులు పోయిన సందర్భాలున్నాయి. లాగడం కోసం బిగించిన కొక్కేలకే తగిలించాలి, లాగేటప్పుడు మనుషులంతా తాడు పొడుగుకన్నా దూరంగా నిలబడాలి.

కాబట్టి జవాబు: నేల మెత్తగా ఉందన్న అనుమానం వస్తే వద్దు. కెల్‌బేకర్ రోడ్డు మీదుగా బేకర్ ఊరికి వెళ్లి, ఐ-15 హైవే ఎక్కి, ఏఫ్టన్ దగ్గర దిగి మళ్లీ బాటలో కలవండి. బేకర్‌లో పెట్రోలు, టీ కూడా దొరుకుతాయి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఏఫ్టన్‌లో మొహావీ నది నేలమీదకు వస్తుంది, దాన్ని దాటాలి. లోతు కాలాన్ని బట్టి మారుతుంది, ఎవరైనా ఒకరు కర్రతో నడిచి చూశాకే బండి దింపండి. ఇసుక మొదలయ్యేముందు టైర్లలో గాలి 35 నుంచి 20 పీఎస్‌ఐ దాకా దించుకోవడం, తారు ఎక్కేముందు మళ్లీ కంప్రెసర్‌తో పట్టించుకోవడం మర్చిపోవద్దు. వాన మబ్బులుంటే ఎండిన వాగుల్లో డేరా వేయకండి. వాన ఎక్కడో పడి నీళ్లు మీ మీదకొస్తాయి.

ప్ర: ఇంత కష్టపడి చూసేదేముంది? ఒక పెద్ద లోయా, జలపాతమా? పైగా సోడా లేక్ మధ్యలో రాళ్ల కుప్పలో ఏదో ఫలకం ఉందని, దానిమీద ఏముందో చెప్పనని రాశారు. అదేంటో చెప్పండి. (ఒక పాఠకురాలు, ఫీనిక్స్)

జ: జలపాతం లేదు, లోయంటే చివర్లో ఏఫ్టన్ కాన్యన్ ఒకటుంది. అసలు సంగతి నీటి బుగ్గలు. పయూట్ స్ప్రింగ్, రాక్ స్ప్రింగ్, మార్ల్ స్ప్రింగ్స్ అని ఒకదాని తర్వాత ఒకటి. ఈ బాట ఇలా వంకర్లు పోవడానికి కారణం అవే. మొహావీ తెగవాళ్లు నదినుంచి సముద్ర తీరానికి సరుకులు మోస్తూ నీటినుంచి నీటికి నడిచిన దారి ఇది. 1776లో గార్సెస్ అనే స్పానిష్ పాద్రీని వాళ్లే ఈ దారిన నడిపించారు. 1860లలో సైన్యం దీన్ని బండ్ల బాటగా వాడి, తపాలా కాపలాకు చిన్న చిన్న కోటలు కట్టింది. ఫోర్ట్ పయూట్ మొండిగోడలు ఇప్పటికీ ఉన్నాయి. 1883లో రైలు వచ్చాక ఎవరికీ అవసరం లేకపోయింది. ఆ తర్వాత డెనిస్ కేస్‌బియర్ అనే చరిత్రకారుడు మిత్రులతో కలిసి దారిని మళ్లీ వెతికి, గుర్తులు పెట్టి, గైడు రాశాడు కాబట్టి మనం వెళ్లగలుగుతున్నాం.

రాత్రి స్టవ్ ఆపేశాక చూడండి, పాలపుంత నీడ పడుతుందా అన్నట్టుంటుంది. ఎక్కడో దూరంగా గూడ్సు రైలు పోతుంటే ఆ చప్పుడు చాలాసేపు వినపడుతుంది. మార్ల్ స్ప్రింగ్స్ దాటాక నిర్జనంగా ఒక జెండా కర్ర, దాని కింద పోస్టు డబ్బా, అందులో వచ్చినవాళ్లు సంతకాలు చేసే పుస్తకం. వెనక ఎవరెవరో వదిలిన కప్ప బొమ్మల గుంపు. ఎందుకు కప్పలో నన్నడగకండి. మా పాప ఇంటినుంచి ఒక ఆకుపచ్చ కప్పను తెచ్చి, పెట్టేటప్పుడు ఏడ్చి, మళ్లీ జేబులో వేసుకుంది.

ఫలకం సంగతా? చెప్పను. చూసినవాళ్లెవరూ చెప్పరు, అదే ఆనవాయితీ. వెళ్లేటప్పుడు కుప్పమీద వేయడానికి ఒక రాయి పట్టుకెళ్లండి.