ఆరు స్పీకర్లల్ల రెండే పలుకుతుంటే

నల్లగొండ

అల్లుడా,

హోం థియేటర్‌ల ఆరు స్పీకర్లుంటే రెండే పలుకుతున్నయంటివి గదా, దానికి కొత్త స్పీకర్లకు పైసలు పెట్టకు. సినిమా నడిచేటప్పుడు ముందుగాల రిసీవర్ (సౌండ్‌ను విప్పి స్పీకర్లకు పంపే డబ్బా) డిస్‌ప్లే చూడు. అండ్ల స్టీరియో పీసీఎం (విప్పేసిన రెండు చానళ్ల సౌండ్) అని పడితే స్పీకర్ల తప్పు లేదు, సౌండ్ అక్కడికి వచ్చేలోపే రెండు చానళ్లకు కుదించుకపోయింది. డాల్బీ డిజిటల్ అనో డీటీఎస్ అనో (ఎక్కువ చానళ్ల సౌండ్‌ను మూటగట్టే పద్ధతులు) పడి కూడా ఎనుక స్పీకర్లు పలుకకుంటే, అప్పుడు వైర్లు చూడాలె.

ఎక్కువసార్లు కుదించేది నడుమల ఉన్న టీవీనే. దాని సౌండ్ ఔట్‌పుట్ పీసీఎం మీద ఉంటే పాస్‌త్రూ (సౌండ్‌ను విప్పకుంట ఉన్నదున్నట్టు ముందుకు పంపుడు) మీదికి మార్చు. అయినా కొన్ని టీవీలు డీటీఎస్‌ను ముందుకు పంపనే పంపవు. అందుకే ప్లేయర్ (సినిమా నడిపే పెట్టె) హెచ్‌డీఎంఐ వైరు సీదా రిసీవర్‌కే పెట్టు, అక్కడికెల్లి టీవీకి ఇంకో వైరు. రిసీవర్ పాతదై 4కే బొమ్మను దాటనియ్యకుంటే సౌండ్‌కు మాత్రం ఆప్టికల్ వైరు (వెలుతురుతోని సౌండ్ పంపేది) వాడు. అండ్ల మామూలు డాల్బీ, డీటీఎస్ 5.1 (ఐదు స్పీకర్లు, ఒక బేస్ స్పీకర్) పోతయి గాని, వాటికంటే పెద్ద ఫార్మాట్లైన ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ పట్టయి. మామూలు ఏఆర్‌సీల (టీవీ సౌండ్‌ను హెచ్‌డీఎంఐ వైరుల నుంచే రిసీవర్‌కు పంపేది) కూడా ఆ రెండు పట్టయి, దాని కొత్త రకం ఈఏఆర్‌సీ ఉండాలె.

ఇగ ప్లేయర్ల సినిమాలు నడిపే కోడి (Kodi) యాప్‌ల సెట్టింగ్స్, సిస్టమ్, ఆడియోకు పో. కింద సెట్టింగ్ లెవెల్ ఎక్స్‌పర్ట్ చెయ్యి, లేకుంటే సగం ఆప్షన్లు కనపడవు. "అలౌ పాస్‌త్రూ" ఆన్ చేసి, రిసీవర్ మాన్యువల్‌ల ఉన్న ఫార్మాట్లకే టిక్ పెట్టు. అన్నిటికీ కొట్టేస్తే, రిసీవర్‌కు అర్థంకాని ఫైల్ వచ్చినప్పుడు సప్పుడే రాదు, లేకుంటే బుస్సుమని రొద వస్తది. స్పీకర్లకు అది మంచిది కాదు. "సింక్ ప్లేబ్యాక్ టు డిస్‌ప్లే" ఆన్‌ల ఉంటే పాస్‌త్రూ పనిచెయ్యదు, బంద్ పెట్టు.

ఏఏసీ అనే ఇంకో రకం 5.1 సౌండ్ ఉన్న ఫైళ్లతోని ఇంకో తిప్పలు. దాన్ని చాలా రిసీవర్లు విప్పలేవు, ప్లేయరే విప్పాలె. హెచ్‌డీఎంఐ అయితే కోడిల చానళ్లు 5.1 పెడితే సరిపోతది. ఆప్టికల్ అయితే 2.0 (రెండు చానళ్లు) పెట్టి, ఏసీ3 (డాల్బీ డిజిటల్‌కే ఇంకో పేరు) టిక్ ఉంచి, డాల్బీ డిజిటల్ ట్రాన్స్‌కోడింగ్ (ఆ రూపంలకు మార్చుడు) ఆన్ చెయ్యి. 2.0 అంటే సౌండ్ తగ్గుతదని భయపడకు, అక్కడ ఆరు చానళ్లూ ఏసీ3ల మూటగట్టి పంపుతది.

పాస్‌త్రూల కోడి వాల్యూమ్ పనిచెయ్యదు. రిసీవర్ రిమోట్‌తోనే తగ్గించు.

వైర్లు ముట్టేముందు కరెంటు బంద్ చెయ్యి. ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది. ఒక్కటి తారుమారైనా బేస్ పలుచబడతది. ఎనుక స్పీకర్లను కూసున్నోళ్ల పక్కకు, కొంచెం ఎనుకకు, చెవికంటే అడుగు రెండడుగులు పైకి పెట్టు. షాబాద్ బండలు, వట్టి గోడలు ఉన్న హాల్ల మాటలు గిన్నున మోగుతయి. నడుమ జంపఖానా పరిచి, అప్పటికీ మాట తేటగ లేకుంటే సెంటర్ స్పీకర్‌ను 2-3 డీబీ పెంచు.

మీ మామ