నాకంటే సీనియర్లున్న టీమ్‌కి లీడ్‌ని చేశారు, ఎలా నెట్టుకురావాలి?

మీకు 27 ఏళ్ళని, టీమ్‌లో ఇద్దరికి మీకంటే పదేళ్ళ అనుభవం ఎక్కువని, వాళ్ళు లెక్కచేయరేమోనని భయంగా ఉందని రాశారు. నాదీ అప్పట్లో అదే భయం. తీరా నన్ను ముంచింది వాళ్ళు నాకు భయపడటం.

నాది సాఫ్ట్‌వేర్ కాదు. బీఫార్మసీ చేసి హైదరాబాద్ శివార్లలో ఒక టాబ్లెట్ల ఫ్యాక్టరీలో చేరాను. నాలుగేళ్ళకి కంప్రెషన్ సెక్షన్‌లో, అంటే మందు పొడిని బిళ్ళలుగా నొక్కే చోట, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని చేశారు. మెషిన్ మీద ఉండే అన్న ఆ పనిలో నా చదువంతకాలం గడిపినవాడు. నేను "అన్నా" అంటే, ఆయన నన్ను "సార్" అనేవాడు.

ఒకరోజు నైట్ షిఫ్ట్. పారాసిటమాల్ 500. కంప్రెషన్‌లో పనిచేసినవాళ్ళకి తెలుసు, అది మొండి మందు. గ్రాన్యూల్స్ (బిళ్ళగా నొక్కే మందు రవ్వ) కాస్త పొడిబారినా, మెషిన్ కాస్త వేగం పెంచినా, బిళ్ళ పైపొర టోపీలా ఊడొస్తుంది. క్యాపింగ్ అంటారు. పది గంటలకి డ్యూటీ తీసుకోగానే అన్న గ్లౌజు చేత్తో గ్రాన్యూల్స్ నలిపి చూసి, "జర పొడిగున్నయ్ సార్" అన్నాడు. తేమ ఎంతుందో చెప్పే ఎల్‌ఓడీ రిపోర్ట్ నా చేతిలోనే ఉంది. లిమిట్ 1.5 నుంచి 2.5 శాతం, మాది 1.6. పాస్. "మెషిన్ చెప్పింది నమ్మాలా, మీ చెయ్యి చెప్పింది నమ్మాలా?" అన్నాను, ఇద్దరు హెల్పర్ల ముందు. వాళ్ళు నవ్వారు. నాకూ బాగానే అనిపించింది. పైగా టార్గెట్ కోసం స్పీడ్ 24 ఆర్‌పీఎం నుంచి 30కి పెంచాను.

రెండూ నలభైకి రౌండ్‌కి వెళ్తే ట్రేలో టోపీలు ఊడిన బిళ్ళలు. మెషిన్ ఆపించి, ఎప్పట్నుంచి ఇలా ఉందని అడిగాను. ఆయన నా మొహం చూడకుండా, "రెండింటికే చూసిన సార్. చెప్తే మళ్ల ఏమంటరోనని ఊకున్న. ఊడినయి తీసి పక్కన పెడ్తున్న" అన్నాడు.

మాది 45 స్టేషన్ల డబుల్ రోటరీ, అంటే ఒక్కో చుట్టుకి ఒక్కో స్టేషన్ రెండేసి బిళ్ళలు కొడుతుంది. 30 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2,700 బిళ్ళలు. నలభై నిమిషాలంటే 1,08,000. పది గంటలకి నేను ఆడిన ఒక్క మాట ఖరీదు అది.

పొద్దున్నే డీవియేషన్ రాయాలి, అంటే ఏం తేడా జరిగిందో, ఎందుకు జరిగిందో చెప్పే రిపోర్ట్. రూట్ కాజ్ దగ్గర మా పరిశ్రమలో అందరికీ నోటికొచ్చిన వాక్యం ఒకటుంది: ఆపరేటర్ నిర్లక్ష్యం, మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చాం. అది రాస్తే నాణ్యత చూసే క్యూఏ వాళ్ళు కూడా పెద్దగా తవ్వరు. నేను పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, గొప్పలెందుకు, అదే రాద్దామనిపించింది కూడా. చివరికి జరిగింది జరిగినట్టే రాశాను: తేమ కింది అంచున ఉంది, ఆపరేటర్ ముందే చెప్పాడు, ఇన్‌ఛార్జ్ పట్టించుకోకుండా స్పీడ్ పెంచాడు. మా మేనేజర్ చదివి, "నీ పేరు నువ్వే రాసుకున్నావేంటయ్యా" అన్నాడు. ఆ ఏడాది నా ఇంక్రిమెంట్ మిగతావాళ్ళకంటే తక్కువ. నిజాయితీగా ఉంటే వెంటనే మెచ్చుకుంటారని మీకు నేను చెప్పలేను.

అయితే ఆ కాగితం సంగతి సెక్షన్‌లో అందరికీ తెలిసిపోయింది. తర్వాత నేను మార్చుకున్నవి చిన్న విషయాలే. షిఫ్ట్ మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌లో "అంతా ఓకేనా?" అని అడగడం మానేశాను, ఎందుకంటే దానికి "ఓకే సార్" తప్ప ఇంకో జవాబు రాదు. "ఇవాళ ఏమన్నా తేడా అనిపించిందా?" అంటే ఏదో ఒకటి చెప్తారు. ఎవరైనా తప్పు జరిగిందని చెప్పడానికొస్తే ముందు "చెప్పావు, మంచిపని చేశావు" అనడం. ఇది రాయడం తేలిక. తెల్లవారుజామున మూడింటికి బ్యాచ్ పోయిందని విన్నప్పుడు నోరు అలా పలకడానికి నాకు చాలాకాలం పట్టింది, మొహం మారకుండా ఉండటానికి ఇంకా ఎక్కువ. టయోటా ఫ్యాక్టరీల్లో ఏ కార్మికుడైనా తాడు లాగో బటన్ నొక్కో సాయం పిలవొచ్చు, అవసరమైతే లైనే ఆగిపోతుంది. మా మెషిన్లకీ ఎర్ర బటన్ ఉంది. కానీ నొక్కినవాడికి మర్నాడు చీవాట్లు పడేచోట ఆ బటన్ అలంకారమే.

మెత్తగా ఉండకూడని చోటూ ఒకటుంది. ఇంకో సీనియర్ అరగంట తర్వాత చూడాల్సిన బిళ్ళల బరువులు ముందే లాగ్‌బుక్‌లో రాసేస్తుంటే దొరికాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. క్యాంటీన్‌లో టీ తాగుతూ ఒంటరిగా చెప్పాను, కానీ తేల్చే చెప్పాను: "ఈ ఎంట్రీల గురించి ఇవాళే పైకి రాస్తున్నాను, మీకు ముందు చెప్దామని వచ్చాను." నెలరోజులు నాతో మాట్లాడలేదు. సరే అనుకున్నాను. మీకూ ఇలాంటి రోజు వస్తుంది, అప్పుడు వయసు చూసి వెనక్కి తగ్గకండి.

ఇక ఆపరేటర్ చేతిలోంచి స్పానర్ లాక్కుని మెషిన్ నేనే సెట్ చేసే అలవాటు నాకుండేది, అది మానడానికి మా మెషిన్ అన్నే కారణం. మళ్ళీ పారాసిటమాల్ బ్యాచ్ వచ్చినప్పుడు కంటైనర్ మూత తీసి, "సార్, ఒకసారి మీ చేత్తో చూడండి" అన్నాడు. రెండు లాట్లు పక్కపక్కన పెట్టి నలిపి చూడమన్నాడు. నాకు రెండూ ఒకటేలా ఉన్నాయి. ఆ తేడా నా వేళ్ళకి తెలియడానికి ఆర్నెల్లు పట్టింది.