పాత ఇంగ్లీషు మూడు గేర్ల సైకిలు: ఏదైనా మార్చే ముందు నూనె పోసి చూడండి

నమస్కారం. లెస్టర్‌లో పాత సామాన్ల సంతలో కొన్న, రాలీ అనే ఇంగ్లీషు కంపెనీ తయారు చేసిన స్పోర్ట్స్ రకం సైకిలు గురించి మీరు మూడు సంగతులు అడిగారు. రెండో గేరులో తొక్కుతుంటే పెడళ్ళు ఉన్నట్టుండి ఖాళీగా తిరిగిపోతున్నాయి కాబట్టి వెనుక హబ్బు (గేర్లు ఇమిడి ఉండే, చక్రం నడిమి డబ్బా) మార్చాలా, తుప్పు మరకలున్న ఫ్రేమును గీకించి కొత్త రంగు వేయించాలా, ఇంతా చేస్తే అది రోజూ ఆఫీసుకు వెళ్ళడానికి పనికొస్తుందా అన్నవి మీ ప్రశ్నలు. నేను కొన్నేళ్ళుగా నాటింగ్‌హామ్ దగ్గర ఉంటూ ఇలాంటి సైకిళ్ళను బాగుచేసుకుని తొక్కుతున్నాను. హబ్బు మార్చవద్దు, రంగు వేయించవద్దు, సైకిలును మాత్రం రోజూ తొక్కండి అన్నది నా సలహా. నా చేతికి వచ్చిన ఇలాంటి సైకిళ్ళలో చాలావాటి జబ్బు ఒక్కటే: ఏళ్ళ తరబడి మూలన పడి ఉండటం వల్ల లోపలి నూనె జిగురుగా మారడం, లేదా పూర్తిగా ఎండిపోవడం. కొత్త భాగాలు కొనడానికి ముందు నూనెకూ ఓపికకూ అవకాశం ఇస్తే, మీ ఖర్చులో సగానికి పైగా మిగులుతుంది.

ముందుగా వెనుక హబ్బు మీద ఉన్న మట్టిని తుడిచి, అక్షరాలను చదవండి. స్టర్మీ-ఆర్చర్ అన్న తయారీ సంస్థ పేరు, దాని కింద హబ్బు రకాన్ని తెలిపే ఏడబ్ల్యూ అన్న రెండు అక్షరాలు, పక్కన చిన్న అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలు హబ్బు తయారైన సంవత్సరాన్నీ నెలనూ చెబుతాయి. ఉదాహరణకు 64, 8 అని ఉంటే అది 1964 ఆగస్టులో నాటింగ్‌హామ్‌లో తయారైనదని అర్థం. ఆ తర్వాత చక్రాన్ని ఎవరూ మార్చి ఉండకపోతే సైకిలు వయసు కూడా దాదాపు అంతే. స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బులు 1902 నుంచి ఉన్నప్పటికీ, ఈ ఏడబ్ల్యూ రకం 1936లో వచ్చింది. నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీ 2000లో మూతపడి వ్యాపారం తైవాన్‌కు చెందిన సన్‌రేస్ సంస్థ చేతికి వెళ్ళాక కూడా, అదే కుటుంబానికి చెందిన మూడు గేర్ల హబ్బులు ఇప్పటికీ తయారవుతున్నాయి. అందువల్ల విడిభాగాలు దొరకవేమో అన్న భయం మీకు అక్కర్లేదు.

మీ రెండో గేరు సమస్య అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. ఇరుసుకు కదలకుండా బిగిసి ఉన్న చిన్న పళ్ళచక్రానికి 20 పళ్ళు, దాని చుట్టూ తిరిగే నాలుగు చిన్న చక్రాలకు తలా 20 పళ్ళు, వాటన్నిటినీ బయటి నుంచి చుట్టి ఉండే వలయానికి 60 పళ్ళు ఉంటాయి. పెడళ్ళ తిప్పుడును లోపలికి అందించే క్లచ్చు ఆ వలయాన్ని తిప్పి, వలయం నేరుగా హబ్బును తిప్పితే అది రెండో గేరు. అదే వలయం చిన్న చక్రాల పంజరాన్ని తిప్పి, పంజరం హబ్బును తిప్పితే వేగం నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది, అది ఒకటో గేరు. క్లచ్చు నేరుగా పంజరాన్ని పట్టుకుంటే వలయం మూడింట ఒక వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది, అది మూడో గేరు. ఈ క్లచ్చును కదిలించేది ఇరుసు కుడి చివర నుంచి బయటికి వచ్చే సన్నని గొలుసు. హ్యాండిల్ మీది గేరు మీట నుంచి వచ్చే తీగ ఆ గొలుసును లాగుతుంది. తీగ వదులుగా ఉంటే మూడో గేరు, కొంత లాగితే రెండు, పూర్తిగా లాగితే ఒకటి.

రెండుకూ మూడుకూ మధ్య క్లచ్చు దేన్నీ పట్టుకోని చిన్న ఖాళీ ఒకటి ఉంటుంది. తీగ ఉండవలసిన దానికంటే కాస్త వదులైతే, మీరు రెండో గేరులో ఉన్నాననుకున్నప్పుడు క్లచ్చు ఆ ఖాళీలో నిలుస్తుంది. మీ పెడళ్ళు ఖాళీగా తిరగడానికి దాదాపు ఖాయంగా ఇదే కారణం. సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కేటప్పుడు ఇలా జరిగితే మనిషి ముందుకు పడిపోయే ప్రమాదముంది కనుక, దీన్ని సరిచేసేదాకా నిలబడి తొక్కవద్దు.

సరిచేయడానికి పానా కూడా అవసరం ఉండకపోవచ్చు. మొదట గొలుసును తీగ నుంచి విప్పి, గొలుసుకు అంటుకుని ఉన్న కడ్డీని ఇరుసులోకి వేళ్ళతో చివరిదాకా మర తిప్పండి. గొలుసు తీగ వైపుకు తిన్నగా వచ్చేలా సగం చుట్టుకు మించకుండా వెనక్కి తిప్పి, మళ్ళీ తీగకు కలపండి. కడ్డీ లోపలికి పూర్తిగా వెళ్ళకపోతే ఆ తర్వాత చేసే సర్దుబాటంతా వృథా. ఇప్పుడు హ్యాండిల్ మీది మీటను రెండో గేరులో పెట్టి, కుడివైపు పొడవాటి నట్టుకు పక్కన ఉన్న చిన్న రంధ్రంలోంచి లోపలికి చూడండి. టార్చి వెలుతురు ఉంటే మంచిది. గొలుసు మొదటి లంకె కడ్డీతో కలిసే చోటు, ఇరుసు చివరి అంచుకు సరిగ్గా సమానంగా రావాలి. లోపలికి ఉంటే తీగ వదులు, బయటికి పొడుచుకు వస్తే బిగువు. గొలుసు చివరనున్న చిన్న మరగొట్టాన్ని తిప్పి అంచులు సమానం చేసి, దాని మీది చిన్న నట్టును వేళ్ళతో బిగించండి. ఆ తర్వాత మీటను మూడు గేర్లకూ రెండు మూడు సార్లు మార్చి, మళ్ళీ ఒకసారి రంధ్రంలోంచి చూడండి.

సరిచేసిన మరునాడే సమస్య తిరిగి వస్తే, ఫ్రేము పైకడ్డీ మీద తీగ తొడుగును ఆపే చిన్న ఇనుప పట్టీని గమనించండి. తీగ లాగిన ప్రతిసారీ ఆ పట్టీ మీద వెనక్కి ఒత్తిడి పడుతుంది. దాని మర వదులైతే కొద్దికొద్దిగా వెనక్కి జారుతుంది, తీగ వదులవుతుంది. జారిన చోట రంగు మీద సన్నని గీత పడి ఉంటుంది కనుక చూడగానే తెలుస్తుంది. పట్టీని పాత చోటికి జరిపి, దాని కింద పలుచటి రబ్బరు ముక్క పెట్టి గట్టిగా బిగిస్తే చాలు. హబ్బు పాడైందని చెప్పి కొత్త చక్రం అమ్మిన దుకాణాన్ని నేను చూశాను. అక్కడ నిజంగా జరిగింది ఈ పట్టీ వేలెడంత జారడమే.

ఇక నూనె. హబ్బు మధ్యలో చిన్న మూత ఉంటుంది, పాతవాటికి లోహంతో, తర్వాతివాటికి ప్లాస్టిక్‌తో చేసినది. చాలా ఏళ్ళు కదలకుండా ఉన్న సైకిలైతే మొదట కొద్దిగా కిరసనాయిలు కలిపిన పలుచటి నూనె పోసి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుతూ మూడు గేర్లూ మార్చి, ఒక రాత్రి ఉంచండి. మరునాడు చక్రాన్ని పాత పళ్ళెం మీద పక్కకు పడుకోబెడితే ఇరుసు పక్కల నుంచి టీ డికాక్షన్ రంగులో మురికి కారుతుంది. అది పూర్తిగా కారాక, 20 లేదా 30 గ్రేడు ఇంజను నూనె ఒక చెంచాడు పోయండి. ఆ తర్వాత నెలకోసారి కొన్ని చుక్కలు చాలు. ఎక్కువైన నూనె తానే బయటికి వస్తుంది, అది లోపం కాదు. తలుపు బందులకు వాడే చిన్న డబ్బా నూనెలు కొన్ని కాలక్రమేణా జిగురుగా మారతాయి కనుక వాటిని దీనికి వాడకండి. గ్రీజు, హబ్బును ముందుకు మాత్రమే తిప్పే లోపలి చిన్న పంజాల మీద పడితే వెంట్రుకంత సన్నని స్ప్రింగులు వాటిని లేపలేవు, గేరు జారుతుంది. అందువల్ల గ్రీజు స్థానం బేరింగు గోళీల దగ్గరే.

హబ్బు పక్కల్లో ఉన్న కోన్లను (బేరింగు గోళీలను నొక్కి పట్టే శంకువు ఆకారపు నట్లను) కూడా చూసుకోండి. సర్దుబాటంతా ఎడమవైపు కోన్‌తోనే చేయాలి. కుడివైపుది వేళ్ళతో బిగించి, సగం చుట్టు వెనక్కి తిప్పి లాక్ చేసి వదిలేయవలసినది. రిమ్ము దగ్గర పట్టుకుని ఊపితే తెలిసీ తెలియనంత కదలిక మిగలాలి. మరీ బిగిస్తే తొక్కడం ఆపినప్పుడు కూడా హబ్బు పెడళ్ళను ముందుకు లాగుతుంది, చైను పైభాగం వేలాడుతుంది.

మీరు పెడల్ చేతులను (పెడళ్ళను ఇరుసుకు కలిపే కడ్డీలను) విప్పాలనుకుంటే, ఈ సైకిలులో నిజంగా జాగ్రత్త కోరే పని అదే. అవి కాటర్ పిన్నులనే ఏటవాలు ముఖమున్న చీలలతో బిగిసి ఉంటాయి, అరవై ఏళ్ళ తుప్పు వాటిని పట్టేసి ఉంటుంది. నట్టును పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు మాత్రం వదులు చేసి, తుప్పు వదిలించే నూనెను రెండు రోజుల పాటు చుక్కలు చుక్కలుగా వేస్తూ ఉండండి. పిన్నును ఒత్తి బయటికి తీసే ప్రత్యేకమైన బిగింపు పరికరం దొరుకుతుంది. అది కొనండి, లేదా సైకిలు క్లబ్బులో ఎవరినైనా అడగండి. సుత్తి తప్పనిసరైతే, పెడల్ చేతికి కింద నుంచి బరువైన లోహపు దిమ్మెను నేల వరకూ ఆనించి, ఒకే గట్టి దెబ్బ కొట్టాలి. ఆనిక లేకుండా కొట్టే ప్రతి దెబ్బా లోపలి బేరింగు గోళీల మీద పడి, గోళీలు నడిచే దారిలో గుంటలు పెడుతుంది. కొత్త పిన్ను కొనేముందు పాతదాని వ్యాసం కొలవండి. ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో సాపు చేసి రెండువైపులా సరిపోయేలా చూడండి. రెండు పిన్నులూ ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో దిగాలి, లేకపోతే రెండు పెడల్ చేతులూ ఒకే సరళరేఖలో ఉండవు. బిగించాక నాలుగైదు మైళ్ళు తొక్కి నట్లను మరోసారి బిగించండి. పెడళ్ళ ఇరుసు గోళీలను మోసే లోపలి కప్పులను మాత్రం అవసరం లేకుండా తీయకండి. రాలీ సంస్థ అంగుళానికి 26 మరల తన సొంత కొలతను వాడింది, మామూలు ఇంగ్లీషు కప్పులు అంగుళానికి 24 మరలవి, కనుక పోయినదానికి బదులు కొత్తది దొరకడం కష్టం. కప్పుల నుంచి గోళీలను తీసి, తుడిచి, వైపుకు పదకొండు చొప్పున పావు అంగుళం కొత్త గోళీలు పెట్టి గ్రీజు వేస్తే సరిపోతుంది.

రంగు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆ ఫ్యాక్టరీ రంగునూ, మడ్‌గార్డుల మీది బంగారు గీతలనూ, ముందు గొట్టం మీది కొంగ తల బిళ్ళనూ ఒకసారి పోగొట్టుకుంటే ఏ పెయింటరూ తిరిగి ఇవ్వలేడు. గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, ఆరాక కార్లకు వాడే మైనాన్ని మెత్తని గుడ్డతో రుద్దండి. బంగారు గీతల మీద థిన్నరు లాంటివి పడనివ్వకండి, అవి క్షణంలో కరిగిపోతాయి. క్రోమియం మీది తుప్పుకు, వంటింట్లో వాడే అల్యూమినియం రేకును ఉండగా నలిపి నీళ్ళలో ముంచి రుద్దితే చాలు. పెద్ద పళ్ళచక్రంలో కోసి ఉన్న కొంగ తలల ముక్కుల సందుల్లో పాత టూత్‌బ్రష్‌తో ఈ పని నిదానంగా చేస్తే, తుప్పు కింద నుంచి ఆ ముక్కుల అంచులు ఒక్కొక్కటిగా తేలి వస్తాయి. లోహం తినేసిన చోట్ల మాత్రం దగ్గరి రంగుతో చుక్కలు పెట్టి మైనం పూయండి. తోలు సీటు ఉంటే దాని అడుగు వైపు తోలు మైనం పూయండి. నూనెలో నానబెడితే తోలు మెత్తబడి ఉయ్యాలలా కుంగిపోతుంది.

రోజువారీ వాడకానికి రెండు మార్పులు నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మొదటిది బ్రేకులు. క్రోమియం పూసిన ఉక్కు రిమ్ములు వానలో తడిస్తే మామూలు బ్రేకు రబ్బర్లు సరిగా పట్టవు, ఇంగ్లండులో వాన తప్పదు. తోలు అతికించిన రబ్బర్లు కొంత మెరుగు. లెస్టర్ ట్రాఫిక్‌లో రోజూ తిరగాలంటే అల్యూమినియం రిమ్ములే నయం. వెనుక చక్రానికి 40, ముందు చక్రానికి 32 స్పోకులున్నాయో లేదో లెక్కపెట్టుకుని రిమ్ములు వెతకండి, పాతవాటిని పారేయకుండా దాచండి. రెండోది వెనుక పళ్ళచక్రం. ముందు 46, వెనుక 18 పళ్ళతో ఫ్యాక్టరీ ఇచ్చిన గేరు ఎత్తుపల్లాల దారులకు మరీ బరువు. వెనుక 22 పళ్ళ చక్రం వేస్తే మూడు గేర్లూ తేలికవుతాయి, ఒకటో గేరు నిజంగా ఎత్తు ఎక్కడానికి పనికొస్తుంది. 1950ల తర్వాతి హబ్బుల్లో అది ఒక స్ప్రింగు వలయంతో మాత్రమే నిలిచి ఉంటుంది. ఆ వలయాన్ని తీసేటప్పుడు గుడ్డ కప్పండి, ఎగిరి కంటికి తగలవచ్చు. చైను కొన్ని లంకెలు పొడవు కావాలి.

టైర్లు కొనేటప్పుడు 26 అన్న అంకెను మాత్రమే నమ్మవద్దు. ఆ పేరుతో పరస్పరం సరిపోని కొలతలు అనేకం ఉన్నాయి. మీ సైకిలుకు కావలసినది 26 × 1⅜, అంటే పక్కన 590 అని రాసి ఉన్నది. ఎప్పుడైనా రాడ్ బ్రేకుల పెద్ద రాలీ దొరికితే దానికి 28 × 1½, అంటే 635 కొలత కావాలి. మన ఊళ్ళలో పాలవాళ్ళు తొక్కిన నల్ల సైకిళ్ళదీ అదే కొలత. అసన్‌సోల్‌లో సేన్-రాలీ, మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ ఇంగ్లీషు కంపెనీలతో కలిసి ఆ నమూనాలనే తయారు చేశాయి. అందుకే సెలవులకు విజయవాడ వెళ్ళినప్పుడు అక్కడి సైకిలు దుకాణంలో 635 టైర్లు, కాటర్ పిన్నులు తెచ్చుకుంటాను. ఇక్కడ వెతికి తెప్పించుకునేవి అక్కడ గోడకు వేలాడుతూ ఉంటాయి.

నూనె పోసి, తీగ సరిచేసి, వారం రోజులు తొక్కాక కూడా గేరు జారితే, ఏ గేరులో జారుతోందో, హబ్బు మీద ఏ అంకెలున్నాయో ఇక్కడే రాయండి. ఒకటో గేరులో మాత్రమే జారితే ఎడమవైపు పంజాలనూ వాటి స్ప్రింగులనూ చూడాలి, మూడులో మాత్రమే జారితే తీగ బిగువు తగ్గించి, ఆ తర్వాత క్లచ్చు అరుగుదలను చూడాలి. హబ్బు విప్పవలసి వస్తే, కుడివైపు గోళీల వలయాన్ని తిప్పే ముందు దాని మీదా హబ్బు మీదా ఎదురెదురుగా ఒక గుర్తు గీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు అది అదే గుర్తు దగ్గర ఆగాలి, లేకపోతే చక్రం బెండు మళ్ళీ తీయవలసి వస్తుంది.