దేవుడు క్షమించాడు, నా మనసే ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: అక్కా, ఎన్నికల టైమ్‌లో మా సంఘంలోని ఒక సోదరి గురించి నాకొక మెసేజ్ వచ్చింది, ఆమె డబ్బు తీసుకుని ఒక పార్టీకి ప్రచారం చేస్తోందని. నిజమో కాదో చూడకుండా సంఘం గ్రూపులో పెట్టేశాను. ఆ పార్టీ అంటే నాకు మొదటినుంచీ పడదు, అందుకే అంత తొందరగా నమ్మేశాననుకుంటా. రెండు రోజుల్లో అది అబద్ధమని తేలింది. ఆ ఆదివారం నుంచి ఆమె ఆరాధనకు రావడం మానేసింది. రెండేళ్లయింది. ఉపవాసముండి ఏడ్చి ప్రార్థించాను. దేవుడు క్షమించేశాడు, ఇక నిన్ను నువ్వు క్షమించుకో అని అందరూ అంటున్నారు. నావల్ల కావడం లేదు. ప్రభువు బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షారసం పంచుకునేటప్పుడు, చెయ్యి చాపాలంటేనే వణుకు వస్తోంది.

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దేవుడితో ఏం చెప్పుకున్నావో రాశావు, నీలో నువ్వు ఎంత కుమిలిపోతున్నావో రాశావు, ఆమెతో ఏం మాట్లాడావో మాత్రం ఒక్క ముక్క లేదు. మాట్లాడి ఉంటే రాసేదానివే. అందుకే అంటున్నాను, నీ విశ్వాసం తక్కువై నీ మనసు ఒప్పుకోవడం లేదనుకోకు. చెయ్యాల్సిన పని ఒకటి అలాగే ఉండిపోయిందని అది నీకు చెబుతోంది.

నిన్ను నువ్వు క్షమించుకో అనే ఆజ్ఞ బైబిల్లో ఎక్కడా లేదు. అప్పు చేసినవాడు తన బాకీని తానే మాఫీ చేసుకోలేడు కదా. క్షమాపణ దేవుడి దగ్గరనుంచి రావాలి, దెబ్బతిన్న మనిషి దగ్గరనుంచి రావాలి. మన వంతు అడగడం, ఇచ్చినప్పుడు చేతులు చాపి తీసుకోవడం. మత్తయి 5వ అధ్యాయంలో యేసు చెప్పింది గుర్తుచేసుకో. బలిపీఠం దగ్గర కానుక పట్టుకుని నిలబడ్డాక, నీ సహోదరుడికి నీమీద ఏదో బాధ ఉందని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు. ఆరాధన మధ్యలో ఆపేసి మరీ వెళ్లమంటున్నాడు చూడు. ప్రభువు బల్ల దగ్గర నీకొచ్చే వణుకుకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

కాబట్టి ముందు ఆమె దగ్గరికి వెళ్లు. మెసేజ్ పెట్టి ఊరుకోకు. 'నీ మనసు నొప్పించి ఉంటే' అని మొదలుపెట్టకు, నొప్పించావు, అందులో 'ఉంటే' లేదు. నేను పంపాను, కనుక్కోకుండా పంపాను, ఆ పార్టీ మీది కోపంతో నమ్మాను అని నాకు రాసినట్టే ఆమెకూ చెప్పు. తర్వాత గ్రూపు సంగతి. అబద్ధం వందమంది ముందు చెప్పి క్షమాపణ చెవిలో చెబితే ఆమె పేరు బాగుపడదు. కానీ గ్రూపులో రాసేముందు ఆమెను అడుగు, మళ్లీ ఆ విషయం కదపడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు, అది తేల్చాల్సింది ఆమే. సుంకాలు వసూలు చేసే జక్కయ్య కూడా అందరి ముందూ నిలబడే మాటిచ్చాడు కదా, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని. యేసు తన ఇంటికి వచ్చాక అన్నమాట అది, రప్పించుకోవడానికి కట్టిన రుసుము కాదు. ఈ తేడా నువ్వు గట్టిగా పట్టుకోవాలి. క్షమాపణ సంపాదించుకోవడానికి కాదు నువ్వు వెళ్లేది, క్షమాపణ పొందినదానివి కాబట్టే వెళ్తున్నావు.

ఆమె క్షమించకపోతే? జరగొచ్చు. తలుపు కూడా తీయకపోవచ్చు. నువ్వు అడిగావు కాబట్టి ఆమె ఇచ్చి తీరాలని ఏమీ లేదు, రెండేళ్లు ఆ మాట మోసింది ఆమె. అప్పుడు కూడా నీకు దేవుడిచ్చింది అలాగే ఉంటుంది. మన హృదయం మనమీద నేరం మోపినా దేవుడు మన హృదయంకంటే గొప్పవాడని యోహాను మొదటి పత్రిక 3వ అధ్యాయంలో ఉంది.

యోహాను సువార్తలో నన్ను ఎప్పుడూ ఆపేసే చిన్న వివరం ఒకటి ఉంది. 18వ అధ్యాయంలో, యేసును బంధించిన రాత్రి, ఆయన శిష్యుడు పేతురు చలి కాచుకుంటూ యేసును ఎరుగనన్నది బొగ్గుల నిప్పు దగ్గర. 21వ అధ్యాయంలో, చనిపోయి తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున చేపలు కాలుస్తూ పేతురును పిలిచిందీ బొగ్గుల నిప్పు దగ్గరికే. ఆ నిప్పుకు వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే కనిపిస్తుంది. ఆ వాసన పేతురుకు ఏం గుర్తుచేసి ఉంటుందో ఆలోచించు. ముందు తిండి పెట్టాడు. తర్వాత మూడుసార్లు కాదన్నవాణ్ణి మూడుసార్లు నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు, అడిగిన ప్రతిసారీ నా గొర్రెలను చూసుకో అని పని అప్పగించాడు. జరిగింది మర్చిపో అనలేదు. నువ్వూ మర్చిపోవాలని ప్రయత్నించకు. పౌలు సంఘాన్ని హింసించిన సంగతి ఏళ్ల తర్వాత కూడా తన ఉత్తరాల్లో తానే రాసుకున్నాడు, అది అతన్ని పనిలోంచి తప్పించలేదు.

యేసును డబ్బుకు పట్టించిన శిష్యుడు యూదా కూడా బాధపడ్డాడు, పాపం చేశానని ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలు తిరిగిచ్చాడు. కానీ వెళ్లింది యాజకుల దగ్గరికి, వాళ్లు మాకేంటి నీ సంగతి నువ్వే చూసుకో అన్నారు. పేతురు ఏడ్చి మిగతా శిష్యుల మధ్యకు తిరిగొచ్చాడు. ఈ బరువు ఒక్కదానివే మోయకు చెల్లీ. నీకు నమ్మకమున్న ఒక పెద్దామెను వెంటబెట్టుకుని వెళ్లినా తప్పులేదు.

ప్రశ్న: రాజకీయాలు బురద, విశ్వాసి అందులోకి దిగకూడదని మా పాస్టర్ గారు అంటారు. నిజమేనా?

జవాబు: ఆయన భయం నాకు అర్థమవుతుంది, పై ఉత్తరం లాంటివి చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. అయినా నేను ఒప్పుకోను. ఇంగ్లండ్ నావికుడు జాన్ న్యూటన్ సంగతి చూడండి. 1748లో తుఫానులో ప్రాణాలు దక్కి దేవుడి వైపు తిరిగాడు, కానీ ఆ తర్వాత కూడా బానిసలను మోసే ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. ప్రార్థన చేస్తూనే చేశాడు! 1754లో సముద్రం వదిలాడు, తర్వాత పాదిరి అయ్యాడు. 1785లో విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు, విశ్వాసంలోకి వచ్చాను, రాజకీయం వదిలేయాలా అని అడగడానికి వస్తే, వదలొద్దని, అక్కడే ఉండి సేవ చెయ్యమని చెప్పింది ఈయనే. 1788లో తాను ఓడల్లో చూసిందీ చేసిందీ అచ్చువేయించాడు, ఆ పనిలో తన చెయ్యి ఉండటం తనకెప్పటికీ సిగ్గుచేటేనని అందులో ఒప్పుకున్నాడు. విల్బర్‌ఫోర్స్ పార్లమెంటులో పోరాడగా 1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించింది, అదే ఏడాది డిసెంబరులో న్యూటన్ చనిపోయాడు. ఆ ఇద్దరూ బురద అనుకుని ఒడ్డునే కూర్చుని ఉంటే?

ఒక పార్టీ జెండాను సిలువ పక్కన నిలబెట్టడం మాత్రం వద్దు. యేసు శిష్యుల్లో రోమా ప్రభుత్వానికి పన్ను వసూలు చేసే సుంకరి మత్తయి ఉన్నాడు, జెలోతే, అంటే రోమా పాలనను ఎదిరించేవాడు, అని పేరుపడ్డ సీమోనూ ఉన్నాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తిన్నారు.

ప్రశ్న: మా అన్నయ్యదీ నాదీ వేరే పార్టీలు. మాటామాటా పెరిగి ఆర్నెల్లుగా మాటల్లేవు. ప్రార్థనలో ఆయన పేరు ఎత్తగానే కోపం వస్తోంది.

జవాబు: కోపంతోనే ఎత్తు తమ్ముడూ, బైబిల్ కీర్తనల్లో అలాంటివి చాలానే ఉన్నాయి. ఆయన మారాలని అడక్కు, ఆయన ఆరోగ్యం, పిల్లలు, ఉద్యోగం, వీటికోసం అడుగు. ఒక వారం చేశాక ఫోన్ చెయ్యి. ఆ ఫోన్‌లో ఓటు మాట ఎత్తకు, ఎలా ఉన్నావని అడుగు చాలు.